ఇంగ్లిష్ ‘సై’కి తెలుగులో ఏం రాయాలి? నిట్టూర్పు ఎక్కడ, ఊపిరి ఎక్కడ, ‘ప్చ్’ ఎక్కడ

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెంగళూరులో ఉంటూ ఒక కథల యాప్ కోసం ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువదిస్తున్నారు. ఎస్, ఐ, జి, హెచ్ అనే నాలుగక్షరాల మాట పేజీ పేజీకీ తగులుతోంది. నిఘంటువు చూసి ప్రతిచోటా ‘నిట్టూర్చాడు’, ‘నిట్టూర్చింది’ అని రాస్తుంటే ఎడిటర్ సగానికి సగం కొట్టేస్తున్నారు. అసలు ఆ మాటకి అర్థమేమిటి, దాన్ని ‘సిగ్’ అనాలా ‘సై’ అనాలా, రేపు సబ్‌టైటిల్, డబ్బింగ్ పనులు వస్తే అక్కడా ఇదే రాయవచ్చా అని మీ సందేహం. చెన్నైలో ఉండి ఈ మూడు రకాల పనులూ చేస్తుంటాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పలకాల్సింది ‘సై’. చివరి జి, హెచ్ రెండూ పలకవు. ఎత్తుకి వాడే ‘హై’లో, తొడకి వాడే ‘థై’లో ఎలా పలకవో అలాగే. భూతకాల రూపం ‘సైడ్’ చెవికి పక్క అనే అర్థమున్న ‘సైడ్’ లాగే వినిపిస్తుంది. అర్థం: మామూలు కంటే లోతుగా ఊపిరి తీసుకుని, పక్కవాళ్లకి వినబడేలా వదలడం. ఇంగ్లిష్ మాట ఊపిరి వదిలిన సంగతి మాత్రమే చెబుతుంది. తెలుగు ‘నిట్టూర్పు’ ఎందుకు వదిలారో కూడా చెప్పేస్తుంది. అందులో దిగులుంది, నిరాశ ఉంది, ఇక చేసేదేమీ లేదన్న భావం ఉంది. కాబట్టి బాధ ఉన్నచోటే నిట్టూర్పు. ఊరట కలిగితే ఊపిరి పీల్చుకోవడం, అలసిపోతే ఉస్సురనడం, ఆశ చెడితే ఉసూరుమనడం, విసుగొస్తే ‘ప్చ్’ అనడం. ఆరోగ్య వ్యాసమైతే ఇవేవీ పనికిరావు, ‘లోతైన ఊపిరి’ అనాలి. మీ ఎడిటర్ కొట్టేసినవి బహుశా బాధ లేనిచోట పడిన నిట్టూర్పులే అయ్యుంటాయి.

నిట్టూర్పు అనే మాట ఎలా పుట్టిందో తెలిస్తే దాన్ని ఎక్కడ వాడకూడదో సులువుగా తెలుస్తుంది. నిడు అంటే పొడవైన, ఊర్పు అంటే ఊపిరి. నిడు + ఊర్పు కలిస్తే నిట్టూర్పు. పదో తరగతి వ్యాకరణంలో చదువుకున్న ద్విరుక్తటకార సంధి ఇదే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో దీనికి సూత్రం ఉంది. కుఱు, చిఱు, కడు, నడు, నిడు అనే మాటల చివరి ఱకార డకారాల మీద అచ్చు వచ్చి చేరితే అక్కడ ‘ట్ట’ వస్తుంది. చిట్టెలుక, కట్టెదురు, నట్టిల్లు, నిట్టూర్పు అలా వచ్చినవే. క్రియ కావాలంటే ‘నిట్టూర్చు’ ఉంది.

దీనివల్ల పనికొచ్చే విషయాలు రెండు. ఒకటి, పొడవు ఆ మాటలోనే ఉంది కాబట్టి ‘దీర్ఘమైన నిట్టూర్పు’, ‘పొడవాటి నిట్టూర్పు’ అని రాయనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ‘డీప్ సై’, ‘లాంగ్ సై’ అని ఉంటే తెలుగులో ఒక్క నిట్టూర్పు చాలు. ‘భారంగా నిట్టూర్చింది’ అంటే మాత్రం తప్పులేదు, అక్కడ చెబుతున్నది మనసులోని బరువు. సంస్కృత మాటే కావాలనుకుంటే ‘దీర్ఘనిశ్వాసం’ ఉంది. కానీ ఈనాటి కథలో అది బరువుగా పడుతుంది, పౌరాణికానికో చారిత్రక నవలకో నప్పుతుంది. రెండోది, నిట్టూర్పు బయటికి వెళ్లే ఊపిరి. దాన్ని విడుస్తారు, వదులుతారు. ‘నిట్టూర్పు తీసుకున్నాడు’ అన్న వాక్యం ఈమధ్య యాప్ కథల్లో తరచుగా కనిపిస్తోంది, అది పొరపాటు. ‘టేక్ ఎ డీప్ బ్రెత్’ అన్న ఇంగ్లిష్ ప్రయోగంతో కలిసిపోయి అలా వస్తోంది. తెలుగు బైబిల్లో మార్కు సువార్త 7వ అధ్యాయంలో, చెవిటివాణ్ని బాగుచేసే ముందు యేసు ఆకాశంవైపు చూసి ‘నిట్టూర్పు విడిచి’ ఎప్ఫతా (తెరుచుకో) అన్నాడని ఉంటుంది. అక్కడున్న విడుచు అన్న క్రియే ఈనాటికీ సరైనది.

అదే బైబిల్లో రోమా పత్రిక 8వ అధ్యాయంలో ‘ఉచ్చరింప శక్యముకాని మూలుగులు’ అని వస్తుంది. కొన్ని కొత్త ఇంగ్లిష్ అనువాదాలు అక్కడ ‘సైస్’ అన్నాయి, పాతవి ‘గ్రోనింగ్స్’ అన్నాయి. తెలుగువాళ్లు మూలుగు ఎంచుకున్నారు. నా దృష్టిలో అది చాలా మంచి ఎంపిక. నిట్టూర్పులో నొప్పి మనసుది. మూలుగులో నొప్పి ఒంటిదాకా వచ్చేసింది, గొంతు కూడా కలిసింది. మీ కథలో పాత్ర జబ్బుతో మంచంలో ఉంటే ఇంగ్లిష్ ‘సై’ అన్నా సరే, అది నిట్టూర్పా మూలుగా అని ఒకసారి ఆగి చూసుకోండి. ఊపిరి మాత్రమే వినిపిస్తే నిట్టూర్పు, గొంతు కలిస్తే మూలుగు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగే చోటికి వద్దాం. అది ‘సై ఆఫ్ రిలీఫ్’.

ఇంగ్లిష్‌వాళ్లకి ఊరట అంటే ఊపిరి బయటికి పోవడం. మనకి లోపలికి రావడం. భయపడినప్పుడు మనం ఊపిరి బిగబడతాం, కష్టాల్లో ఊపిరి సలపదు, పని ఎక్కువైతే ఊపిరాడదు. అంటే తెలుగులో ఆపద అనేది ఊపిరి అందకపోవడం. ఆపద తొలగితే ఆ ఊపిరి తిరిగి దొరకాలి. అందుకే ‘ఊపిరి పీల్చుకున్నారు’ అంటాం. తుపాను తీరం దాటకుండా బలహీనపడితే పత్రికల్లో ‘అధికారులు ఊపిరి పీల్చుకున్నారు’ అని రాస్తారు. అక్కడ ‘నిట్టూర్పు విడిచారు’ అని రాస్తే తుపాను రానందుకు బాధపడినట్టు అవుతుంది. ‘ఉపశమనపు నిట్టూర్పు’, ‘ఊరట నిట్టూర్పు’ లాంటి జంటలు యంత్రానువాదంలోంచి వచ్చి పడుతున్నాయి. ఒక చేత్తో ఏడిపిస్తూ ఇంకో చేత్తో ఓదార్చే ఆ జంటల్ని దయచేసి వాడకండి.

బెంగళూరులో, చెన్నైలో ఉండే మనకి ఇక్కడ ఇంకో చిక్కుంది. చుట్టూ వినిపించే భాషలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. కన్నడంలో ‘నిట్టుసిరు’ అంటే మన నిట్టూర్పుకి తోబుట్టువే. అందులోనూ ముందున్నది పొడవు, వెనకున్నది ఊపిరి. కానీ కన్నడ పత్రికలు ఊరట కలిగినప్పుడు కూడా నిస్సంకోచంగా ‘నిట్టుసిరు బిట్టరు’ అని రాస్తాయి, ‘నెమ్మదియ నిట్టుసిరు’ అన్న మాట అక్కడ మామూలు. తమిళంలోనూ అంతే. ‘పెరుమూచ్చు’ అంటే పెద్ద ఊపిరి. బాధకీ అదే. ఊరటకి ముందు ‘నిమ్మది’ తగిలించి ‘నిమ్మది పెరుమూచ్చు’ అంటారు. రోజూ ఆ భాషలు వింటూ, హోర్డింగుల మీద చదువుతూ ఉండే తెలుగువాళ్లకి ‘నిట్టూర్పు విడిచారు’ ఊరటకి కూడా సరిపోతుందనే అనిపిస్తుంది. విజయవాడలోనో వరంగల్‌లోనో కూర్చుని చదివేవాళ్లకి అది అడ్డం తగులుతుంది. మీ పాఠకులు ఎక్కువమంది అక్కడే ఉంటారు.

ఊరటకి వాడుకోదగ్గవి చాలా ఉన్నాయి. సందర్భాన్ని బట్టి మార్చుకోండి. ‘హమ్మయ్య’ అన్నిటికంటే సహజం. మాటల్లో వచ్చినా, కథకుడు ‘హమ్మయ్య అనుకుంది’ అని చెప్పినా ఒదిగిపోతుంది. ‘గుండెల మీంచి బరువు దిగినట్టయింది’ కొంచెం పెద్ద సంగతులకి. ‘గండం గడిచింది’, ‘బతికిపోయాం’ నిజంగా ప్రమాదం తప్పినప్పుడు. ఊపిరి పీల్చుకోవడం రాసేటప్పుడు ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పాత్ర పరిగెత్తుకొచ్చి ఆగిందనో, నీళ్లలోంచి పైకి తేలిందనో ముందు వాక్యంలో ఉంటే, ‘ఊపిరి పీల్చుకుంది’ అన్నది ఒట్టి శ్వాసగానే అర్థమవుతుంది. అలాంటి చోట ‘తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది’, ‘మనసు కుదుటపడింది’ అంటే సందేహం ఉండదు.

అలసట, నిరాశల సంగతి. ‘ఉస్సురు’, ‘ఉసూరు’ రెండూ ఒకటే అనుకుని కలిపేస్తుంటారు. వాడుకలో వాటి మధ్య తేడా ఉంది. ఉస్సురు చప్పుడున్న మాట. ఒంటి అలసటకి బాగుంటుంది. ‘సంచులు కింద పెట్టి ఉస్సురంటూ కుర్చీలో కూలబడింది.’ ఉసూరు ఆశపడ్డది దక్కనప్పటి మాట. ‘రెండు గంటలు క్యూలో నిలబడితే టోకెన్లు అయిపోయాయన్నారు, ఉసూరుమంటూ ఇంటికొచ్చాం.’ రెండోదాంట్లో ఊపిరి చప్పుడు వినిపించాల్సిన పని కూడా లేదు, ముఖం వాడిపోతే చాలు.

‘ఉసురు’ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి, బెంగళూరులో ఉన్నవాళ్లు మరీను. కన్నడంలో ‘ఉసిరు’ అంటే రోజువారీ ఊపిరి. తమిళంలో దాని చుట్టం ‘ఉయిర్’ అంటే ప్రాణం. తెలుగులో ఉసురుకి ప్రాణమన్న అర్థం ఉన్నా, ఈనాడు వాడుకలో మిగిలింది ఎక్కువగా శాపం. ‘ఆ పిల్ల ఉసురు పోసుకోకు’, ‘వాళ్ల ఉసురు తగులుతుంది’ అంటాం. అన్యాయానికి గురైనవాళ్లు నోరు తెరిచి తిట్టకపోయినా, వాళ్లు విడిచిన వేడి ఊపిరే తగులుతుందన్న నమ్మకం ఆ మాట వెనక ఉంది. కాబట్టి ‘సై’కి ఉసురు పెట్టారంటే కథలో లేని శాపం ఒకటి వచ్చి కూర్చుంటుంది. 1844లో అచ్చయిన మార్క్స్ వ్యాసంలో మతాన్ని పీడిత జీవి నిట్టూర్పుగా చెప్పిన ప్రసిద్ధ వాక్యం ఉంది కదా. దాన్ని ‘పీడితుల ఉసురు’ అని అనువదిస్తే వినడానికి ఎంతో బలంగా ఉంటుంది, అర్థం మాత్రం మతం వాళ్లు పెట్టిన శాపమన్నట్టు తిరిగిపోతుంది. అక్కడ నిట్టూర్పే ఉండాలి. పోతే, మూలంలో నిజంగానే బాధితుల శోకం బాధపెట్టినవాణ్ని వెంటాడుతోందన్న ధ్వని ఉంటే, ఉసురుని మించిన మాట ఏ భాషలోనూ దొరకదేమో. అలాంటి అవకాశం వస్తే వదులుకోకండి.

విసుగు సంగతి తేలిక. భార్య మాటకి భర్తో, టీచర్ మాటకి పిల్లవాడో ‘సై’ అన్నాడంటే అది చాలాసార్లు విసుగే. ‘విసుగ్గా ఊపిరి వదిలాడు’, ‘విసుక్కున్నాడు’, లేదా ఒక్క ‘ప్చ్’. ఈ ‘ప్చ్’ని చిన్నచూపు చూడకండి. నాలుకని పళ్ల వెనక ఆనించి లాగితే వచ్చే ఆ చప్పుడుని తెలుగు లిపిలో రాసుకునే అలవాటు మనకి ఎప్పటినుంచో ఉంది, చదివినవాళ్లందరికీ అది వినిపిస్తుంది. విచారానికీ పనికొస్తుంది, విసుక్కీ పనికొస్తుంది.

తృప్తితో, ప్రేమతో వచ్చే ‘సై’ ఇంకోటుంది. పసిబిడ్డ పాలు తాగి నిద్రపోతూ వదిలేది, ప్రియుడి భుజం మీద తల వాల్చి నాయిక వదిలేది. వీటికి తెలుగులో ఒక్కమాట లేదు, కాబట్టి వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. ‘హాయిగా కళ్లు మూసుకుంది’, ‘తృప్తిగా ఊపిరి వదిలాడు’ అని జరిగింది జరిగినట్టు రాసేయండి. శృంగార ఘట్టంలో ‘వేడి నిట్టూర్పులు’ అంటే మన పాఠకుడికి వెంటనే విరహం గుర్తుకొస్తుంది, కావ్యాల నుంచీ ఉన్న అలవాటది. ప్రియుడు దూరంగా ఉంటేనే అవి నప్పుతాయి. పక్కనే ఉన్నప్పుడు రాస్తే జంట మధ్య ఏదో గొడవ జరిగిందనుకుంటారు. ‘సై ఫర్’ అని ఎవరికోసమో అన్నప్పుడు ఊపిరిని పూర్తిగా వదిలేసి ‘పరితపించింది’, ‘బెంగపెట్టుకుంది’ అనండి. చెట్లలో గాలి ‘సై’ అంటే ‘సరుగుడు తోపులో గాలి సన్నగా రొద పెడుతోంది’ అనవచ్చు. దిగులు వాతావరణం కావాలనుకుంటేనే గాలి చేత నిట్టూర్పించండి.

వెనిస్‌లో పాత న్యాయస్థానం ఉన్న రాజభవనం నుంచి జైలుకి వెళ్లే వంతెన ఒకటుంది, ‘బ్రిడ్జ్ ఆఫ్ సైస్’. అక్కడి చిన్న కిటికీలోంచి చివరిసారిగా ఊరిని చూసి ఖైదీలు విడిచిన ఊపిరి వల్ల ఆ పేరు వచ్చిందంటారు. ‘నిట్టూర్పుల వంతెన’ దానికి అచ్చంగా సరిపోతుంది. పర్యాటక వ్యాసాల్లో కొందరు ‘శ్వాసల వంతెన’ అని రాస్తున్నారు, అందులో ఖైదీల బాధ మాయమైపోయింది.

ఇక మీ కథల అనువాదానికి నేను పాటించే పద్ధతి. ఇంగ్లిష్ జనరంజక నవలల్లో ‘షి సైడ్’ అనేది చాలాసార్లు ఒట్టి ‘అంది’ స్థానంలో వస్తుంది. ఇంగ్లిష్ పాఠకుడి కన్ను దాని మీదుగా జారిపోతుంది. తెలుగులో ‘నిట్టూర్చింది’ అలా జారిపోదు, ప్రతిసారీ ఆపుతుంది. ఒక అధ్యాయంలో నాలుగైదు పడ్డాయంటే ఆ పాత్ర రోగిష్టిదన్న భావం కలుగుతుంది. అందుకే మొదటి ప్రతి పూర్తయ్యాక ఫైల్లో ‘నిట్టూ’ అని వెతకండి. ‘నిట్టూర్’ అని వెతికితే ‘నిట్టూరుస్తూ’, ‘నిట్టూరుస్తాడు’ దొరకవు, వాటిలో రకారానికి కొమ్ము ఉంటుంది. దొరికిన ప్రతిదాని దగ్గరా మూలం తెరిచి మూడు సంగతులు చూడండి: ఆ క్షణానికి ముందు ఏం జరిగింది, ఆ ఊపిరిని ఎదుటి పాత్ర విన్నదా, తర్వాతి మాటలో అదే భావం ఇప్పటికే ఉందా.

మూడోది చాలా ముఖ్యం. తర్వాతి మాటలోనే భావం ఉంటే ఊపిరి ప్రస్తావన తీసేయవచ్చు. మన భాషలో నిట్టూర్పు పనిని మాటలు, మాట చివర చేరే చిన్న తోకలు చేసిపెడతాయి. ముఖ్యంగా ‘లే’. ‘ఐ నో, షి సైడ్’ అని ఇంగ్లిష్‌లో ఉందనుకోండి. ‘“నాకు తెలుసు,” అని ఆమె నిట్టూర్చింది’ అని రాస్తే అనువాదమని వెంటనే తెలిసిపోతుంది. ‘“నాకూ తెలుసులే వదినా,” అంది’ అంటే ఊపిరి దానంతటదే వినిపిస్తుంది. పోనీలే, అంతేలే, ఉండనీలే, ఏం చేస్తాంలే అన్నవన్నీ ఇలాంటివే. ‘ఏమిటో!’ అన్న ఒక్క మాట పెద్దవాళ్ల నోట పూర్తి నిట్టూర్పు. ‘రామచంద్రా’, ‘దేవుడా’, ‘ప్రభువా’, ‘యా అల్లా’ కూడా అంతే, ఇంటిని బట్టి, వయసుని బట్టి ఎంచుకోండి. పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ అమ్మాయి చేత ‘హతవిధీ’ అనిపిస్తే సరదాకి అన్నట్టు ఉంటుంది, మూలంలో సరదా ఉంటేనే అది పెట్టాలి.

ఎదుటి పాత్ర ఆ ఊపిరిని విని ‘ఏమైంది?’ అని అడిగితే మాత్రం తీసేయడానికి వీల్లేదు. కథ దాని మీదే నడుస్తోంది. అక్కడ ‘నిట్టూర్చింది’ ధైర్యంగా ఉంచండి. ఇలా జల్లెడ పడితే మిగిలేవి కొద్దిగానే ఉంటాయి, కానీ మిగిలిన ప్రతి ఒక్కటీ పాఠకుణ్ని తాకుతుంది. ఇంకొకటి, ఇంగ్లిష్ క్రియలో మర్యాద ఉండదు. తాతగారు, మామగారు, మాస్టారు అయితే ‘నిట్టూర్చారు’. యంత్రానువాదం నుంచి తెచ్చి దిద్దేటప్పుడు ఈ ‘డు’లు, ‘ది’లు అలాగే మిగిలిపోవడం చూస్తుంటాను.

సబ్‌టైటిళ్లలో నియమం చిన్నది. మాటలు అర్థం కానివారి కోసం వేసే మామూలు సబ్‌టైటిళ్లలో ఊపిరిని రాయకూడదు. ప్రేక్షకుడు దాన్ని వింటూనే ఉన్నాడు, నిట్టూర్పుకి భాష అక్కర్లేదు. తెరమీద దొరికే ఆ రెండు వరుసల జాగా మాటలకే చాలదు. వినికిడి లోపం ఉన్నవారి కోసం చేసే వాటిలో రాయాలి, అదీ అన్నిచోట్లా అవసరం లేదు. నటి ముఖం కనబడుతూ, భుజాలు కుంగడం తెలుస్తుంటే వదిలేయవచ్చు. ఫోన్లో అవతలి గొంతు నుంచి వచ్చినా, పాత్ర వెనక్కి తిరిగి ఉన్నా, చీకట్లో వినిపించినా రాసి తీరాలి. కుండలీకరణంలో ‘నిట్టూర్పు’ అన్న నామవాచకం చాలు. ‘ఆమె బాధగా నిట్టూర్చింది’ అని వాక్యం రాస్తే చదవడానికే సమయం పోతుంది. ఊరట అయితే ‘తేలిగ్గా ఊపిరి వదిలిన చప్పుడు’ అని రాయండి. ఇక్కడ వర్ణిస్తున్నది వినబడిన ధ్వనిని కాబట్టి ‘ఊపిరి పీల్చుకుంది’ అనకూడదు.

డబ్బింగ్ దగ్గరికి వచ్చేసరికి సంగతి పూర్తిగా మారిపోతుంది. చెన్నైలో సాలిగ్రామం, వడపళని చుట్టుపక్కల డబ్బింగ్ థియేటర్లలో నిట్టూర్పులు, దగ్గులు, మూలుగులు అన్నిటినీ కలిపి ‘రియాక్షన్లు’ అంటారు. బయటి భాష సినిమాకి సంగీతమూ చప్పుళ్లూ ఉన్న ట్రాక్ విడిగా వస్తుంది. నటుల గొంతులు అందులో ఉండవు, వాటితోపాటు ఊపిర్లూ చాలాసార్లు పోతాయి. అంటే ప్రతి నిట్టూర్పునీ మన ఆర్టిస్టు మళ్లీ పలికించాలి. మాటల రచయిత స్క్రిప్టులో దాని చోటు గుర్తు పెట్టకపోతే రికార్డింగులో జారిపోతుంది. తర్వాత చూస్తే బొమ్మ మీద నోరు తెరుచుకుంటుంది, చప్పుడుండదు.

ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు నిట్టూర్పుని మాటతో పూరించడం. పెదాల కదలిక చూడకుండా ‘హమ్మయ్య’ పెట్టేస్తారు. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదాలు రెండూ కలవాలి. ‘హమ్మయ్య’లో ద్విత్వ మకారం ఉంది, పెదాలు స్పష్టంగా మూసుకుంటాయి. తెరమీద నటుడు నోరు తెరిచి ఊపిరి వదులుతుంటే అది అస్సలు అతకదు. ‘ప్చ్’ కూడా అతకదు. నోరు తెరిచి వదిలే నిట్టూర్పు మీద ఒట్టి ఊపిరి ఉంచి, కెమెరా పక్కకి తిరిగాకో ఎదుటివాళ్ల ముఖం మీదికి వెళ్లాకో ‘హమ్మయ్య’ వేసుకోవాలి. ముక్కుతో వదిలే నిట్టూర్పుకి పెదాలు మూసే ఉంటాయి, అక్కడ ‘అబ్బా’ కుదరదు, ‘హుఁ’ సరిపోతుంది. ఇంకో చిన్న సంగతి ఆర్టిస్టులకి చెప్పండి: మైకు మీదికి నేరుగా వదిలితే ఊపిరి తగిలి ‘ధబ్’మని పడుతుంది, ముఖం కొంచెం పక్కకి తిప్పి వదలాలి.

ఆరోగ్య వ్యాసాలు, వైద్య పరికరాల పుస్తకాలు కూడా బెంగళూరు కంపెనీల నుంచి అనువాదానికి వస్తుంటాయి కాబట్టి ఇది కూడా తెలుసుకుని ఉండాలి. శరీరశాస్త్రంలో ‘సై’కి దిగులుతో సంబంధం లేదు. మామూలుగా మనం ఒక్కసారి పీల్చే గాలి సుమారు అర లీటరు. ప్రతి ఐదు నిమిషాలకో సారి మనకి తెలియకుండానే దానికి దాదాపు రెట్టింపు పీలుస్తాం. ఊపిరితిత్తుల్లో ముడుచుకుపోయిన వాయుగోణులు (చిన్న గాలి సంచులు) దానివల్ల మళ్లీ తెరుచుకుంటాయి. నిద్రలోనూ ఇది జరుగుతుంది. 2016లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పరిశోధనలో మెదడు కాండంలోని చిన్న కణ సమూహాలు దీన్ని నడిపిస్తున్నట్టు తేలింది. దీన్ని ‘మనిషి గంటకి పన్నెండుసార్లు నిట్టూరుస్తాడు’ అని అనువదిస్తే చదివేవారికి అందరూ దుఃఖంలో ఉన్నారన్న అర్థం వస్తుంది. ‘తెలియకుండా తీసుకునే లోతైన ఊపిరి’ అనండి. వెంటిలేటర్ పుస్తకంలో వచ్చే ‘సై’ కూడా అంతే, రోగికి అప్పుడప్పుడు యంత్రం ఇచ్చే పెద్ద శ్వాస అది.

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన వెలువడ్డాక ‘సైక్లిక్ సైయింగ్’ గురించి వ్యాసాలు చాలా వస్తున్నాయి. ముక్కుతో పీల్చి, దాని మీదే ఇంకొంచెం పీల్చి, నోటితో నెమ్మదిగా వదలడం, రోజుకి ఐదు నిమిషాలు. ‘చక్రీయ నిట్టూర్పు’ అని ఎవరో మొదలుపెట్టినట్టున్నారు, దయచేసి ఆ దారిలో వెళ్లకండి. మనసు తేలికపడటానికి చేసే సాధనకి నిట్టూర్పని పేరు పెడితే చదివినవాళ్లు చేయడానికే వెనకాడతారు. ‘రెండు విడతల్లో పీల్చి నెమ్మదిగా వదిలే సాధన’ అని ఒకసారి వివరించి, తర్వాత ‘ఈ సాధన’ అంటూ పోవచ్చు. ఇలాంటి వ్యాసాల్లో ఉచ్ఛ్వాసం, నిశ్వాసం తారుమారు చేయకుండా చూసుకోండి. మన పాఠ్యపుస్తకాల్లో ఉచ్ఛ్వాసం లోపలికి, నిశ్వాసం బయటికి.

చివరిగా చాట్ సంభాషణలు. మీ యాప్ కథల్లో అవీ ఉంటాయి. రెండు నక్షత్రం గుర్తుల (*) మధ్య ‘సై’ అని ఒక్క మాట వస్తే దాన్ని క్రియగా మార్చకండి. రాసింది ఆడో మగో తెలియనప్పుడు ‘నిట్టూర్చాడు’, ‘నిట్టూర్చింది’ రెండూ ఇబ్బందే. ‘ప్చ్...’, ‘హుఁ...’, ‘ఏంటో...’ వీటిలో ఏదైనా పెడితే ఆ సమస్యే రాదు, చాట్‌లో మన పిల్లలు రాసేదీ అదే. ఊపిరి వదులుతున్న ముఖం ఉన్న ఎమోజీ 2020లో వచ్చింది. దాన్ని జనం ఊరటకీ, అలసటకీ, దిగులుకీ మూడింటికీ వాడుతున్నారు. స్టిక్కర్ల పేర్లు అనువదించే పని పడితే దానికి ‘ఊపిరి వదులుతున్న ముఖం’ అనే రాయండి, నిట్టూర్పని రాస్తే ‘హమ్మయ్య’ కోసం వెతికేవాళ్లకి అది దొరకదు.